తొలిసారి పెంచేవాళ్లకు సువాసన మొక్కలు: ముందు మీరు ఇంట్లో ఏ వేళ ఉంటారో చూసుకోండి

మీరు అడిగినదాన్ని క్లుప్తంగా మళ్లీ చెబుతాను, ఇదే పరిస్థితిలో ఉన్న మిగతావాళ్లకీ పనికొస్తుంది. హైదరాబాద్‌లో మూడో అంతస్తు ఫ్లాట్. తూర్పు వైపు చిన్న బాల్కనీ. టెర్రస్ మీద రెండు మూడు పెద్ద కుండీలు పెట్టుకోవడానికి అసోసియేషన్ వాళ్లు ఒప్పుకున్నారు. ఇంతవరకూ మొక్కలు పెంచిన అలవాటు లేదు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్తారు, ఇల్లు చేరేసరికి రాత్రి ఏడున్నర. రెండేళ్ల పాప ఉంది. బోరు నీళ్లే దిక్కు. సంక్రాంతికీ, వేసవిలోనూ ఊరెళ్తారు. మంచి వాసన రావాలి, తేలిగ్గా బతకాలి, ఏం కొనాలి అన్నారు.

సూటిగా చెప్పేస్తాను. టెర్రస్ మీద ఒక గుండుమల్లె, ఒక కుండీలో నేల సంపెంగ దుంపలు. బాల్కనీలో గ్రిల్‌కి పాకేలా ఒక సన్నజాజి తీగ, దాని దగ్గరే మరువం, వామాకు. మొదటి ఏడాదికి ఇవి చాలు. నేను గుంటూరు దగ్గర చిన్న నర్సరీ నడుపుతాను, నిజానికి ఇంకో నాలుగు కొనండి అని చెప్పాల్సినవాణ్ణి. కానీ మొదటిసారే ఆటో నిండా మొక్కలు వేసుకెళ్లినవాళ్లు మళ్లీ మా గేటు వైపు రావడం తక్కువ. రెండో మూడో కొని, వాటికి పూలు చూసినవాళ్లే ఏటా వస్తుంటారు.

ఇక ఇవే ఎందుకు అన్నది.

మా దగ్గరకొచ్చే చాలామంది "అన్నిటికంటే మంచి వాసనొచ్చే మొక్క ఏది?" అని మొదలుపెడతారు. నేను తిరిగి అడిగేది, మీరు ఇంట్లో ఏ వేళ ఉంటారు అని. పూల వాసన రోజంతా ఒకేలా ఉండదు, ఒక్కో పువ్వుకి ఒక్కో టైము. మల్లె, జాజి సాయంత్రం విచ్చుకుంటాయి, వాసన రాత్రంతా ఉంటుంది. నేల సంపెంగ కూడా చీకటి పడ్డాకే ఘాటెక్కుతుంది. పారిజాతం రాత్రి పూసి తెల్లవారేసరికి నేలంతా రాలిపోతుంది, పొద్దున్నే లేచి ఏరుకునేవాళ్లకే ఆ భాగ్యం. గులాబీకి పొద్దుటి ఎండ తగిలాకే వాసన బయటపడుతుంది. రాత్రి విచ్చుకునే తెల్లటి పూలు చాలావరకు రాత్రి తిరిగే రెక్కల పురుగుల్ని పిలవడానికి పూస్తాయి. చీకట్లో రంగులతో పనిలేదు కాబట్టి తెలుపుతో, వాసనతో పిలుస్తాయి. మీరు పొద్దున హడావుడిగా వెళ్లి రాత్రికి వచ్చేవాళ్లు. మీకు కావాల్సినవి ఏడున్నర తర్వాత పనిచేసే పూలు. గులాబీ పెట్టుకుంటే, అది మీ కోసం కాకుండా పక్కింటి రిటైరైన పెద్దాయన కోసం పూసినట్టవుతుంది.

రెండో ప్రశ్న ఎండ. ఒక ఆదివారం ఇంట్లో ఉండి, బాల్కనీలో ఎండ ఎన్నింటికి వస్తోంది, ఎన్నింటికి పోతోంది చూసి రాసుకోండి. అంతకంటే మంచి సలహా ఏ నర్సరీవాడూ ఇవ్వలేడు. వెలుతురు వేరు, ఎండ వేరు. "మా బాల్కనీ భలే వెలుతురండీ" అంటారు, తీరా చూస్తే ఎదురు బిల్డింగ్ గోడ నుంచి వచ్చే వెలుగది. మల్లెకి ఆకు మీద నేరుగా పడే ఎండ రోజుకి కనీసం ఐదారు గంటలు కావాలి. తూర్పు బాల్కనీలో పదిన్నర, పదకొండుకల్లా ఎండ పోతుంది. అందుకే మల్లెని టెర్రస్‌కి ఎక్కించాను, జాజిని బాల్కనీకి దించాను. జాజి మూడు నాలుగు గంటల పొద్దుటి ఎండతో సర్దుకుంటుంది. పూలు కొంచెం తగ్గుతాయి, అంతే.

గుండుమల్లె గురించి కొంచెం ఎక్కువ చెబుతాను. అందరూ కొనేదీ, అందరూ "మాకు పూయలేదండీ" అనేదీ ఇదే మొక్క.

మల్లె చావడం అరుదు. పూయకపోవడమే దాని జబ్బు. కారణాలు మూడే: నీడ, కత్తిరించకపోవడం, ఆకుకి మేపడం. మల్లె పాత కొమ్మకి పూయదు, కొత్త చిగురు చివర పూస్తుంది. అంటే ఎంత కొత్త చిగురొస్తే అన్ని పూలు. ఎన్టీఆర్ జిల్లా మైలవరం వైపు మల్లె తోటలున్న రైతులు చలికాలంలో చేసే పని గమనిస్తే సంగతి తెలుస్తుంది. నవంబరు చివర నుంచి నీళ్లు తగ్గించేస్తారు. మొక్క నిద్రపోతుంది. తర్వాత కొమ్మలు కత్తిరించి, మిగిలిన ఆకు కూడా దూసేసి, ఎరువు వేసి అప్పుడు నీళ్లిస్తారు. ఒక్కసారిగా మొక్కంతా చిగురు. ఆ చిగుళ్ల చివర్లే మార్చి నుంచి మనం కొనుక్కునే మల్లెపూలు.

కుండీలోనూ అదే పద్ధతి, కాస్త మెత్తగా. కుండీ మట్టి త్వరగా ఎండుతుంది కాబట్టి నీళ్లు పూర్తిగా ఆపకండి, డిసెంబరులో రెండు మూడు రోజులకోసారి పోయండి చాలు. జనవరిలో ఒకటిన్నర అడుగు ఎత్తుకి కత్తిరించండి. చూడ్డానికి చీపురు కట్టలా అయిపోతుంది, ఇంట్లోవాళ్లు "మొక్కని చంపేశావు" అంటారు. పట్టించుకోకండి. మిగిలిన ఆకులు చేత్తో దూసేయండి. పైన రెండు అంగుళాల మట్టి గుల్ల చేసి, రెండు గుప్పిళ్లు బాగా చివికిన పశువుల ఎరువో వర్మీకంపోస్టో, ఒక గుప్పెడు వేపపిండీ (వేపగింజల నూనె తీశాక మిగిలే చెక్క) కలిపి, అప్పుడు తడి బాగా ఇవ్వండి. ఇక్కణ్ణుంచి ఎండ ఎంత పడితే అంత మంచిది.

ఒక విడత పూలు అయిపోయాక ఊరుకోకూడదు. పూసిన కొమ్మ చివర రెండు మూడు జతల ఆకుల కింద గిల్లేయండి. మళ్లీ చిగురు, మళ్లీ పూలు. ఇలా జూన్ దాకా నాలుగు విడతలు లాగొచ్చు. గిల్లనివాళ్లకి ఏప్రిల్లో ఒక విడత పూసి, ఆ తర్వాత బారెడు తీగలు సాగి, ఆకు మాత్రం పచ్చగా ఉంటుంది.

ఆకుకి మేపడం అంటే యూరియా వేయడం, లేదా వారం వారం ఏదో ఒక పులిసిన ద్రావణం పోయడం. నత్రజని ఎక్కువైతే ఆకులు తళతళలాడతాయి, మొగ్గ రాదు. ఉల్లిపొట్టు నీళ్లు, అరటితొక్క నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు అని వీడియోలు చూసి అడుగుతుంటారు. పోస్తే నష్టమేం లేదు గానీ వాటి వల్ల పూలొచ్చాయని నేను ఒప్పుకోను. అదే మొక్కని ఎండలోకి జరిపి, కత్తిరించి చూడమంటాను. నూనె తీశాక మిగిలే వేరుశనగ చెక్క మూడు నాలుగు రోజులు నానబెట్టి, ఆ నీటికి పదింతలు మామూలు నీళ్లు కలిపి నెలకోసారి పోస్తే మాత్రం నిజంగా పనిచేస్తుంది. కాకపోతే అది కుళ్లే కంపు పక్క ఫ్లాట్ దాకా వెళ్తుంది. సువాసన కోసం మొక్కలు పెట్టి అసోసియేషన్ మీటింగ్‌లో తిట్లు తినడం ఎందుకు, వర్మీకంపోస్టుతో సరిపెట్టుకోండి.

రకం సంగతి. గుండుమల్లెలోనే రేకలు తక్కువున్నవి, దొంతరగా ఉన్నవి ఉంటాయి. మొదటిసారికి మామూలు గుండుమల్లె తీసుకోండి, ఎక్కువ పూస్తుంది. దొంతరమల్లె అందంగా ఉంటుంది, పూలు తక్కువ. కాగడామల్లె జాగ్రత్త. ఏడాదిలో చాలా నెలలు పూస్తుంది, చచ్చినా చావదు, కాబట్టి "మల్లె కావాలి, తేలిగ్గా పెరగాలి" అంటే కొందరు అదే అంటగడతారు. దానికి వాసన ఉండీ లేనట్టే. దండకి పనికొస్తుంది, మీకు పనికిరాదు.

ఇంకో మాట. మీ టెర్రస్ మీద మల్లె పూసినా బాల్కనీకి వాసన రాదు. సాయంత్రం ఎవరైనా పైకెళ్లి బాగా తెల్లబడి ఉబ్బిన మొగ్గలు కోసి కిందికి తెస్తే, కోసిన తర్వాత కూడా అవి విచ్చుకుంటాయి, వాసన ఇస్తూనే ఉంటాయి. అత్తరు చేసేవాళ్లకి మల్లె మీద మోజు ఇందుకే. తడిగుడ్డ మీద పరిచి హాల్లో ఒక పళ్లెంలో పెట్టండి. ఎవరూ లేకపోతే మీరే వచ్చాక ఏడున్నరకి కోసుకోండి, విచ్చిన పూలే దొరుకుతాయి, ఏం పోలేదు.

నేల సంపెంగ మీకు కొత్తగా అనిపించవచ్చు, కానీ మీరు చూసే ఉంటారు. పూలకొట్టులో "లిల్లీ" అని మూరల చొప్పున అమ్మేదీ, పెళ్లిళ్లలో దండలకు వాడేదీ అదే. దుంప నాటితే వస్తుంది కాబట్టి కొత్తవాళ్లకి ఇంతకంటే తేలికైన పూలమొక్క లేదంటాను. పద్నాలుగు అంగుళాల కుండీలో ఐదారు దుంపలు, రెండంగుళాల లోతున, మొన పైకి ఉండేలా నాటండి. మొలక కనిపించేదాకా నీళ్లు తక్కువగా. ఎక్కువ పోస్తే దుంప కుళ్లుతుంది. మూడు నాలుగు నెలల్లో కంకి లేస్తుంది. కింది నుంచి పైకి రోజుకి రెండు మూడు చొప్పున విచ్చుకుంటూ ఒక కంకే వారం పదిరోజులు వస్తుంది. ఒక కంకిని కోసి గదిలో నీళ్లసీసాలో పెడితే రాత్రి ఆ గదికి ఇంకేం అక్కర్లేదు.

దుంపలు కొనేటప్పుడు ఒంటి రేకల రకం అని గట్టిగా అడగండి. ముద్దగా, గులాబీలా పూసే రకం చూడ్డానికి బాగుంటుంది, బొకేల్లో అదే వాడతారు, వాసన మాత్రం ఒంటి రేకదే. బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన ప్రజ్వల్, శృంగార్ రెండూ ఒంటి రేక రకాలే. మా వైపు దొరికేవాటిలో ప్రజ్వల్ మంచిది. ఫిబ్రవరి చివర నుంచి జూన్ దాకా ఎప్పుడైనా నాటుకోవచ్చు. ఎండ మాత్రం మల్లెకి ఎంతో దీనికీ అంత. రెండు మూడేళ్లకి కుండీ నిండా పిల్లదుంపలు ఇరుక్కుని పూలు తగ్గుతాయి, అప్పుడు తవ్వి విడదీసి తెలిసినవాళ్లకి పంచేయడమే.

సన్నజాజి తీగ. నర్సరీల్లో జాజి, సన్నజాజి, విరజాజి పేర్లు ఊరుని బట్టి మారిపోతుంటాయి. ఒకచోట జాజి అన్నదాన్ని ఇంకోచోట విరజాజి అంటారు. పేరుతో కుస్తీ పట్టకండి. పువ్వు మీదుండగా సాయంత్రం వెళ్లి, వాసన చూసి కొనండి. వీటిలో దేన్ని తెచ్చుకున్నా వాసనకి లోటుండదు. పన్నెండు నుంచి పద్నాలుగు అంగుళాల కుండీ చాలు. గ్రిల్‌కి మెత్తని తాడుతో కట్టండి, సన్న ఇనుప తీగతో బిగించకండి, కొమ్మ లావెక్కాక కోసుకుపోతుంది. తీగని నిలువుగా పైకి పోనిస్తే పూలన్నీ పైనే పూస్తాయి, మీ నాలుగో అంతస్తువాళ్లు సంతోషిస్తారు. అడ్డంగా, గ్రిల్ వెంబడి పాకిస్తే ప్రతి కణుపు దగ్గరా పక్క కొమ్మ లేస్తుంది, పూలు మీ కళ్లెదుట ఉంటాయి. వానాకాలం, దాని తర్వాత కొన్నాళ్లు దీని జోరు. అంటే మల్లె తగ్గే వేళకి జాజి అందుకుంటుంది. ఈ రెండూ కలిపి చెప్పడానికి అదొక కారణం.

ఇక మరువం, వామాకు. పూల వాసన ఋతువుని బట్టి ఉంటుంది. ఆకు వాసన ఎప్పుడు తడిమితే అప్పుడు. కొత్తవాళ్లకి కనీసం ఒకటైనా ఆకు మొక్క ఉండాలని నా పట్టుదల. పూలు రావడానికి నెలలు పట్టినప్పుడు మనసు నిలిచేది దీని వల్లే. వామాకు కొమ్మ ఒకటి విరిచి గుచ్చితే చాలు, ఏ ఎండకైనా సగం నీడకైనా సర్దుకుంటుంది, నీళ్లు మర్చిపోయినా క్షమిస్తుంది. ఎక్కువ పోస్తేనే కుళ్లుతుంది. జలుబు చేస్తే కషాయానికీ, ఆదివారం బజ్జీలకీ కూడా. మరువం కాస్త సుకుమారం, దానికి చల్లదనం ఇష్టం. పొద్దుటి ఎండ, తర్వాత నీడ ఉన్న మీ తూర్పు బాల్కనీ దానికి సరిగ్గా సరిపోయింది. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం జాజి కుండీ వెనక్కి, ఎండ తగలని చోటికి జరపండి. పూలకొట్టులో కట్టగా అమ్మే తాజా మరువం రెమ్మల్ని కింది ఆకులు తీసేసి తడి ఇసుకలో గుచ్చితే వానాకాలంలో, చలికాలంలో చాలావరకు వేళ్లు పోసుకుంటాయి. నర్సరీకి రావాల్సిన పనే లేదు.

పాప తిరిగే ఇల్లు కాబట్టి కొన్ని వద్దని చెప్పాలి.

నైట్ క్వీన్ వద్దు. కొందరు రాత్రిరాణి అంటారు. కొమ్మ గుచ్చితే వచ్చేస్తుంది, నిజంగానే చాలా తేలిక, వాసన వీధి చివరిదాకా వెళ్తుంది. అందుకే అందరూ మీకు ఇదే చెబుతారు. కానీ మొక్క అంతా విషమే, ముఖ్యంగా తెల్లటి చిన్న కాయలు. పిల్లలు నోట్లో పెట్టుకునే సైజు. దానికి తోడు మూసిన బాల్కనీలో ఆ వాసన చాలామందికి తలనొప్పి తెప్పిస్తుంది. పెద్ద పెరడున్నవాళ్లు ఇంటికి దూరంగా ప్రహరీ పక్కన వేసుకోవాల్సిన మొక్క అది. చంద్రకాంత కూడా అంతే. విత్తనం పడేస్తే మొలుస్తుంది, సాయంత్రం నాలుగింటి నుంచి కమ్మటి వాసన, ఖర్చు సున్నా. కానీ దాని నల్లటి గింజలు మిరియాల్లా ఉంటాయి, తింటే ప్రమాదం. పాపకి నాలుగైదేళ్లొచ్చి చెబితే వినే వయసు వచ్చాక వేసుకోండి.

పాము సంగతి కూడా చాలామంది అడుగుతారు, సంపెంగకి, నైట్ క్వీన్‌కి పాములొస్తాయంటారు కదా అని. వాసనకి పాము రాదు. గుబురుగా, చెత్త పేరుకుని ఉన్నచోట ఎలుకలూ కప్పలూ చేరతాయి, వాటి కోసం వస్తుంది. పెరట్లో మొక్క మొదలు శుభ్రంగా ఉంచితే చాలు. మూడో అంతస్తులో ఆ భయమే అక్కర్లేదు.

సంపెంగ మీద మనసు పోవడం సహజం. సింహాచలం సంపెంగ చూసినవాళ్లు ఎవరికైనా ఇంట్లో ఒకటి ఉండాలనిపిస్తుంది. కానీ అది చెట్టు, పైన చెప్పిన నేల సంపెంగ వేరు. గింజ మొక్క పూయడానికి ఏళ్లు పడుతుంది. అంటు మొక్క త్వరగా పూస్తుంది, పెద్ద డ్రమ్ములో పెట్టినవాళ్లూ ఉన్నారు. మొదటి మొక్కగా వద్దు. సొంత నేల ఉన్నప్పుడు చూద్దాం.

గార్డీనియా, మా దగ్గర గంధరాజం అని అడుగుతారు. నర్సరీలో మొగ్గలతో నిగనిగలాడుతూ ఉంటుంది, ఇంటికి తీసుకెళ్లిన పదిరోజులకి మొగ్గలన్నీ రాల్చేస్తుంది. పుల్లని నేల కోరుకునే మొక్క అది, మీ బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. నెమ్మదిగా ఆకులు పసుపెక్కి మిమ్మల్ని ఏడిపిస్తుంది. లావెండర్ అయితే అసలు అడగకండి. ఫోటోల్లో ఊదా రంగు పొలాలు చూసి ఆన్‌లైన్‌లో విత్తనాలు తెప్పిస్తారు. మన వేసవి వేడికి, వానాకాలం తేమకి అది నిలవదు. దోమలు రాని మొక్క అని ఏదైనా అమ్మితే నవ్వి వచ్చేయండి. సిట్రొనెల్లా అనే వాసన గడ్డి నూనె పూసుకుంటే కాసేపు దోమ కుట్టదేమో గానీ, మొక్క కుండీలో ఊరికే నిలబడి ఉంటే దోమకి లెక్కే లేదు.

గులాబీ కావాలనిపిస్తే హైబ్రిడ్ జోలికి పోకండి. పెద్ద పూలు, పది రంగులు, వాసన చాలావాటికి నామమాత్రం, తామర పురుగు అదనం. పన్నీరు గులాబీ అడగండి. చిన్న లేత గులాబీరంగు పువ్వు, వాసన అసలైనది, మొక్క కూడా మొండిది. రెండో ఏడాదికి పెట్టుకోండి. అదే రెండో ఏడాదికి టెర్రస్ మీద దేవగన్నేరు కూడా మంచిది. దానికి నీళ్లు తక్కువైనా పర్లేదు. విరిస్తే పాలు కారతాయి, ఒంటికి తగలనివ్వకండి.

బాల్కనీ మూలలో ఎండ తగలని చోటు మిగిలితే, ఇళ్లలో బ్రహ్మకమలం అని పిలిచే ఆకు మొక్క పెట్టండి. హిమాలయాల్లో పూసే అసలు బ్రహ్మకమలం వేరు, ఇది కాక్టస్ జాతి. ఆకు ముక్క గుచ్చితే వస్తుంది, ఏడాదిలో ఎక్కువ రోజులు అందవికారంగా వేలాడుతుంది, వానాకాలంలో పూస్తుంది, ఒక్కో పువ్వు ఒక్క రాత్రే ఉంటుంది. ఆ ఒక్క రాత్రికి చుట్టుపక్కలవాళ్లంతా మీ ఇంట్లోనే ఉంటారు.

కొనేటప్పుడు చూడాల్సినవి. మీ దగ్గరికి వచ్చే మొక్కల్లో చాలావరకు తూర్పు గోదావరిలోని కడియం, కడియపులంక నర్సరీల నుంచి లారీల్లో వచ్చినవే. దారిలో తడి నిలవడానికి వేరు చుట్టూ బంకమట్టి ముద్ద ఉంటుంది. ఆ ముద్దని అలాగే కుండీలో దింపితే, చుట్టూ మీరు వేసిన గుల్ల మట్టి తడుస్తుంది, లోపలి ముద్ద మాత్రం రాయిలా ఎండిపోతుంది. "రోజూ నీళ్లు పోస్తున్నా వాడిపోయింది" అనే మాట వెనక చాలాసార్లు సంగతి ఇదే. కవరుతో సహా ఒక గంట బకెట్ నీళ్లలో ఉంచి, మెత్తబడ్డాక అంచుల వెంబడి కొంత మట్టి వేళ్లు తెగకుండా చేత్తో రాల్చి, అప్పుడు నాటండి. నాటడం సాయంత్రం పూట. నాలుగైదు రోజులు నీడలో ఉంచి, తర్వాత ఎండకి అలవాటు చేయండి.

వయ్యారంగా ఆరడుగులు సాగిన మొక్క కంటే మొదలు దగ్గరే నాలుగు కొమ్మలున్న పొట్టి మొక్క మేలు. కవరు కింద చిల్లుల్లోంచి లావు వేళ్లు బయటికొచ్చి నేలలో దిగి ఉంటే వదిలేయండి, పీకినప్పుడే సగం ప్రాణం పోతుంది. ఆకు అడుగున తిప్పి చూడండి, తెల్లటి దూదిలాంటిదో సన్నటి బూజు గూడో కనిపిస్తే ఆ మొక్క వద్దు, దాని పక్కనున్నదీ వద్దు.

కాలం విషయానికొస్తే, ఏప్రిల్లో పూలతో కళకళలాడుతున్న మల్లెని చూసి కొంటారు. అదే అన్నిటికంటే చెడ్డ టైము. నలభై డిగ్రీల ఎండలో కొత్త చోట వేరు పట్టాలంటే దానికి కష్టం. తొలకరి పడ్డాక జూన్ చివర, జూలై బాగుంటుంది. లేదంటే జనవరి, ఫిబ్రవరి.

మట్టి లెక్కలు పెద్దగా అక్కర్లేదు. ఎర్రమట్టి రెండు పాళ్లు, చివికిన పశువుల ఎరువు ఒక పాలు, ఇసుకో కోకోపీటో (కొబ్బరి పొట్టు) ఒక పాలు, కుండీకో గుప్పెడు వేపపిండి. టెర్రస్ మీద మల్లెకి పద్నాలుగు నుంచి పదహారు అంగుళాల కుండీ. కింద చిల్లు లేని కుండీ ఎంత అందంగా ఉన్నా వద్దు. నీళ్లకి నా లెక్క ఒకటే, వేలు రెండు కణుపులు మట్టిలో దించి చూడండి, తడి తగిలితే పోయకండి. మేలో టెర్రస్ మీద రెండు పూటలా పోయాల్సి రావచ్చు, వానాకాలంలో వారమంతా ముట్టుకోనక్కర్లేదు. టైమ్‌టేబుల్ పెట్టుకుని రోజూ మగ్గు నీళ్లు పోసేవాళ్ల మొక్కలే ఎక్కువ చస్తాయి.

బోరు నీళ్ల వల్ల మీకు తప్పక ఎదురయ్యే సమస్య ఒకటుంది. కొత్త ఆకులు పసుపెక్కుతాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉంటాయి. అది తెగులు కాదు, ఇనుము అందక. నేలలో ఇనుము ఉన్నా, సున్నపు నీటి వల్ల మొక్క తీసుకోలేదు. ఎరువుల కొట్లో అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) అని అడగండి. లీటరు నీళ్లకి ఐదు గ్రాములు, దాంట్లో గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) వేసి, కలిపిన వెంటనే సాయంత్రం పూట ఆకుల మీద చల్లండి. వారం పదిరోజుల తేడాతో రెండు మూడు సార్లు చల్లితే కొత్త ఆకు పచ్చబడుతుంది. గచ్చు మీద పడితే తుప్పు మరక పోదు, కింద పాత పేపరు వేసుకోండి. అన్నభేదీ, నిమ్మ ఉప్పూ రెండూ పాపకి అందని చోట పెట్టండి. వానాకాలంలో బకెట్లలో వాన నీళ్లు పట్టి పోస్తే ఈ బాధ కొంత తగ్గుతుంది.

పురుగుల్లో మల్లెకి వచ్చేది మొగ్గ తొలిచే పురుగు. మొగ్గ ఊదా రంగుకి తిరిగి, చిన్న రంధ్రంతో ఎండిపోతుంది. కుండీలో ఉండే కాసిని మొగ్గలకి మందుల దాకా పోవద్దు. అలాంటి మొగ్గలు కనిపించినప్పుడల్లా కోసి కవర్లో కట్టి బయట పారేయండి, మొక్క కిందే వదిలితే ఆ పురుగే మళ్లీ వస్తుంది. లీటరుకి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి వారానికోసారి సాయంత్రం చల్లండి. ఎండలో చల్లితే ఆకు మాడుతుంది. వేసవిలో ఆకు అడుగున ఎర్రనల్లి చేరి ఆకులు బూడిద రంగుకి తిరిగితే, పైపుతో ఆకు అడుగున గట్టిగా నీళ్లు కొట్టడమే సగం వైద్యం.

చివరగా ఊరెళ్లడం గురించి అడిగారు. సంక్రాంతికి టెన్షన్ అక్కర్లేదు. అప్పటికి మల్లె నిద్రలో ఉంటుంది, కత్తిరింపు పండగ నుంచి వచ్చాకే పెట్టుకోండి. నేల సంపెంగ కూడా చలికి మందగించి ఉంటుంది. మిగతావాటికి వెళ్లే రోజు పొద్దున నిండుగా నీళ్లు పోస్తే నాలుగైదు రోజులు ఆగుతాయి. వేసవి సెలవులే అసలు పరీక్ష. వారం మించితే టెర్రస్ కుండీల్ని బాల్కనీలోకి దింపి, అన్నిటినీ ఒకదానికొకటి ఆనించి నీడలో పెట్టండి. మట్టి మీద రెండంగుళాల మందాన కొబ్బరిపీచో ఎండుటాకులో పరవండి. ఆ పదిరోజులూ మల్లె పూలు తగ్గితే తగ్గనివ్వండి. వాచ్‌మన్‌కి నీళ్ల పని అప్పజెబితే, "రోజూ నీళ్లు పోయ్" అనకుండా రెండు రోజులకోసారి ఒక్కో కుండీకి ఎన్ని మగ్గులో లెక్క చెప్పి వెళ్లండి. మీ ఎండ లెక్క రాసుకున్నాక టెర్రస్ మీద ఏ మూల పెట్టాలో సందేహం ఉంటే అడగండి, చూసి చెబుతాను.